ఆరింటి రింగు

దర్జీ షాపు,
జూన్ 11

పంతులమ్మకు,

మీ అత్త రాస్తున్నది. నువ్వు నేర్పిన అక్షరాలతో ఇంత పెద్ద ఉత్తరం రాయడం ఇదే మొదలు. షాపులో కరెంటు పోయి మిషన్లు ఆగాయి. కటింగ్ బల్ల మూల కూర్చుని రాస్తున్నాను. ఏమిటది అని మాస్టారు అడిగితే కొలతలు రాసుకుంటున్నానన్నాను. ఎవరి కొలతలని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

జవాబు ఇంటికి రాయకు, షాపుకు రాయి. ఫోనులో చెబితే పోయేదిగా అంటావు. నాకు చెవి మందం కదా, ఫోను గట్టిగా పెట్టుకుంటాను. నువ్వు చెప్పేది నాకంటే ముందు మీ నాన్నకు వినపడుతుంది. ఉత్తరమైతే వాడు చదవలేడు. కానీ ఎదురింటివాళ్ళ చేత చదివించుకోగలడు. అందుకని షాపుకే రాయి.

ఇక విషయం. బొత్తాం ఉత్తరం రాయించింది. ఈ షాపులో నా పక్కన ఇరవై రెండేళ్ళు కాజాలు కుట్టింది, నీకు గుర్తుండాలి. పొట్టిగా గుండ్రంగా ఉంటుందని నేను దాన్ని బొత్తాం అన్నాను, బక్కగా ఉన్నానని అది నన్ను సూది అంది. నాలుగేళ్ళ కిందట కూతురి దగ్గరికి, సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి వెళ్ళిపోయింది. దానికి నీటికాసులట. చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వస్తోందట. ఇప్పుడు లోకమంతా కాజాలోంచి చూసినట్టు కనిపిస్తోందని రాయించింది. చలికాలానికి అది కూడా మిగలకపోవచ్చని డాక్టరు చెప్పాడట. "నీ మొహం అంత చూడదగ్గదేమీ కాదు గానీ, నేను కుట్టిన కాజాలకంటే ఎక్కువసార్లు చూసిన మొహం అది. ఇంకొక్కసారి చూపించి పో" అంది.

నేను వెళ్ళాలి. పొద్దున బయలుదేరితే సాయంత్రంలోపు చేరే దూరమే. మధ్యలో జంక్షన్‌లో బస్సు మారాలి. మీ నాన్నకు చెబితే నేనే తీసుకెళ్తానక్కా అంటాడు. గోదాములో వాడికి సెలవు దొరకాలి. రెండేళ్ళుగా ఈ సెలవు సంగతి వింటూనే ఉన్నాను. అది దొరికేలోపు చలికాలం వచ్చేస్తుంది.

నాకు యాభై నాలుగేళ్ళు. ఇంతవరకు నా టికెట్టు నా చేతిలో ఎప్పుడూ లేదు. మొదట మా నాన్న జేబులో ఉండేది, తర్వాత మీ మామయ్య జేబులో, ఆయన పోయాక మీ నాన్న జేబులో. నువ్వు ఒక్కదానివే ఊళ్ళు తిరిగి బడిపిల్లల కళ్ళు పరీక్ష చేసి వస్తావు కదా. ఎలా తిరుగుతారో రాయి. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పు, నామోషీ పడను.

మీ అత్త

*

కంటి ఆసుపత్రి హాస్టల్,
జూన్ 19

అత్తకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి విషయం కోసం, ఒకసారి చేతిరాత కోసం, మూడోసారి ఊరికే. నాలుగో తరగతిలో ఉండగా నేను గుడ్డముక్క మీద సుద్దతో 'అ' రాసి చూపిస్తే, కత్తెర పిడిలా ఉందన్నావు. ఇప్పుడు నీ 'అ' నా 'అ' కంటే గుండ్రంగా ఉంది.

నువ్వు వెళ్ళాలి. పక్కల నుంచి పోయిన చూపు తిరిగి రాదు. మధ్యలో మిగిలినది ఎన్నాళ్ళుంటుందో నేనే కాదు, మా పెద్ద డాక్టరు కూడా కచ్చితంగా చెప్పలేడు. ఆలస్యం చేయకు.

ఇక ప్రయాణం. అన్నిటికంటే ముందు ఇది: ఎప్పుడు బయలుదేరతామో కాదు, ఎప్పుడు చేరతామో చూసుకోవాలి. కొత్త ఊళ్ళో వెలుగు ఉండగానే దిగాలి. కాబట్టి సాయంత్రం నుంచి వెనక్కి లెక్కేసుకుని, దానికి ఒక బస్సు ముందే ఎక్కాలి. ఒక బస్సు తప్పినా ఇంకోటి ఉండాలి. ఆఖరి బస్సును నమ్ముకుని ఎప్పుడూ బయలుదేరకు.

సీటు డ్రైవరు వెనకాల, ఆడవాళ్ళ పక్కన చూసుకో. కిటికీ వైపు కూర్చుంటే గాలి వస్తుంది గానీ పక్కన ఎవరు కూర్చున్నా లేవడానికి దారి ఉండదు. నడవ వైపే మంచిది. బొత్తాం పిన్ని వాళ్ళ అడ్రసు, నా నంబరు, నాన్న నంబరు కాగితం మీద రాసి పెట్టుకో. ఫోను పోతే అందులో ఉన్న నంబర్లు కూడా పోతాయి. డబ్బు రెండు చోట్ల పెట్టుకో. సంచీ నువ్వొక్కదానివే ఎత్తి పరిగెత్తగలిగినంత ఉండాలి, అంతకంటే బరువైతే అందులోంచి ఏదో తీసెయ్యాలి.

దారి ఒక్కరినే అడగకు, ఇద్దరిని అడుగు. అడగాల్సింది ఖాళీగా నిలబడ్డవాళ్ళను కాదు, షాపులో కూర్చున్నవాళ్ళను. వాళ్ళు ఎక్కడికీ పోరు, మళ్ళీ అక్కడే ఉండాల్సినవాళ్ళు. ఆడవాళ్ళు నడిపే షాపు కనిపిస్తే ఇంకా మేలు. ఒక్కదానివే వెళ్తున్నావా అని ఎవరైనా అడిగితే, మా అబ్బాయి బస్టాండులో ఉంటాడని చెప్పు. ఆ అబద్ధానికి పాపం లేదు. ఎక్కడైనా పడుకోవాల్సి వస్తే, సామాను దించకముందే తలుపు గడియ లోపలి నుంచి పడుతుందో లేదో వేసి చూడు. నీకు ఏదో తేడాగా అనిపిస్తే కారణం కోసం వెతకొద్దు, లేచి వచ్చెయ్యి. మర్యాద తక్కువైనా ఫరవాలేదు.

చివరిది నీకు తెలిసిందే. నాన్న నన్ను ఈ ఉద్యోగానికి ఏ షరతు మీద పంపాడో నీ ఎదుటే కదా జరిగింది. ఏ ఊరు వెళ్ళినా చేరగానే ఒక రింగు ఇవ్వాలి. నాన్న ఎత్తడు. ఒక్కసారి మోగి ఆగితే నేను చేరినట్టు. ఏ రోజు రింగు రాదో ఆ మర్నాడే ఉద్యోగం మానేసి ఇంటికి రావాలి. రెండేళ్ళలో ఒక్క రింగు కూడా తప్పలేదు. నువ్వు కూడా నాకు అలాగే ఇవ్వు.

మీ మేనకోడలు

*

దర్జీ షాపు,
జూలై 2

పంతులమ్మకు,

నీ పాఠం అందింది. పరీక్ష కూడా రాశాను. మొన్న షాపు సెలవురోజున బట్టలు ఇచ్చి రావాలని ఇంట్లో చెప్పి, మన బస్సు ఎక్కి ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, అక్కడ దిగి, మళ్ళీ ఎక్కి వచ్చాను. టికెట్టు నా చేతిలోనే ఉంది. గట్టిగా పట్టుకున్నానేమో, దిగేసరికి చెమటకు అంకెలు అలికిపోయాయి.

ఇద్దరిని అడగమన్నావు కదా, బస్సు ఎక్కడికి పోతుందని కండక్టరును అడిగి, అతను చెప్పాక డ్రైవరును కూడా అడిగాను. నా మీద నమ్మకం లేదా అమ్మా అన్నాడు కండక్టరు. లేదు బాబూ, మా పంతులమ్మ చెప్పింది అన్నాను.

పక్కనామె ఒక్కదానివేనా అంది. మా అబ్బాయి బస్టాండులో ఉంటాడన్నాను. ఏం చేస్తాడంది. లారీ నడుపుతాడన్నాను. రెండు స్టాపులు దాటేసరికి వాడికి పెళ్ళి కూడా చేయాల్సి వచ్చింది. దిగేముందు కోడలు బాగా చూసుకుంటుందా అని అడిగింది. కడుపున కాయ కాయని నాకు ఒక్క మధ్యాహ్నంలో ఎంత సంసారమో చూడు.

ఒక సందేహం. నువ్వు ఊరు వెళ్ళిన రోజు మీ నాన్న టీ గ్లాసు పట్టుకుని గోడ గడియారం కింద కూర్చుంటాడు. వాడికి అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు, కాటా దగ్గర బస్తాల మీద సుద్దతో బరువులు వేసే చెయ్యి కదా. ఆరు కావస్తుంటే గ్లాసు కింద పెడతాడు. ఆరు కొట్టగానే నీ రింగు వస్తుంది. వాడు 'చేరింది' అంటాడు, అప్పుడు టీ తాగుతాడు, మీ అమ్మ పొయ్యి వెలిగిస్తుంది.

మా షాపు ముందు నుంచి ఒకే బస్సు ఇరవై ఏళ్ళుగా పోతోంది. అది రెండు రోజులు వరసగా ఒకే టైముకు రావడం నేను చూడలేదు. నీ బస్సులన్నీ, ఏ ఊరికైనా సరే, ఆరింటికే ఎలా చేరతాయే?

మీ అత్త

*

కంటి ఆసుపత్రి హాస్టల్,
జూలై 10

అత్తకు,

నీ కొడుకు పెళ్ళికి నన్ను పిలవనందుకు కోపంగా ఉంది.

బస్సులు దూరం వెళ్ళేవి కాబట్టి టైముకే నడుస్తాయి. ఊళ్ళో తిరిగే బస్సుతో వాటికి పోలిక లేదు. ఈ విషయం గురించి ఎక్కువ ఆలోచించకు.

జంక్షన్ బస్టాండు బొమ్మ గీసి పంపుతున్నాను. చుక్క పెట్టిన చోట నువ్వు దిగుతావు. పొద్దున ఆరూ నలభై బస్సు ఎక్కితే పన్నెండున్నరకు జంక్షన్ చేరతావు. రెండింటికి సముద్రం వైపు పోయే బస్సు ఉంది, అది అయిదింటికి చేరుస్తుంది. అది తప్పితే నాలుగున్నరది ఉంది గానీ చేరేసరికి చీకటి పడుతుంది, అది ఎక్కకు.

ఇంకో సంగతి. ఇక్కడ కళ్ళజోళ్ళ కౌంటరులో ఒక ఖాళీ ఉంది. కూర్చుని చేసే పని. ఫ్రేములు చూపించడం, రసీదులు ఇవ్వడం. ఆగస్టు ఆఖరులోపు ఫారం ఇస్తే నన్ను అందులోకి మారుస్తామన్నారు. ఫారం నింపి పెట్టుకున్నాను. రెండేళ్ళు తిరిగాను, చాలనిపించింది. నాన్నకు కూడా నిశ్చింతగా ఉంటుంది.

మీ మేనకోడలు

*

దర్జీ షాపు,
జూలై 17

పంతులమ్మకు,

ముప్ఫై ఏళ్ళుగా అంచులు మడిచి కుట్టే పని నాది. ఏ బట్టకు ఎంత లోపలికి మడిచారో పైనుంచి చూసి చెప్పగలను. నీ ఉత్తరంలో మడత చాలా ఎక్కువ ఉంది.

ఈ ఉద్యోగం కోసం నువ్వు మూడు రోజులు తిండి మానేశావు. మొదటి ఊరి నుంచి వచ్చి, ఒక పిల్లకు కళ్ళద్దాలు పెడితే చెట్టుకు ఆకులు విడివిడిగా ఉంటాయా అని అడిగిందని ఇంటిల్లిపాదికీ వారం రోజులు చెప్పావు. అలాంటిదానివి రసీదులు రాస్తానంటే నేను నమ్మాలా?

ఏం జరిగిందో చెప్పు. నాకు దారి నేర్పేది నువ్వు. నీకు తెలిసినదాంట్లో సగం దాచుకుని మిగతా సగం నేర్పితే నేను బస్సు ఎక్కను. బొత్తాంకు రాలేనని రాస్తాను.

మీ అత్త

*

కంటి ఆసుపత్రి హాస్టల్,
జూలై 26

అత్తకు,

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వెయ్యి. లేదా వెయ్యకు, నీ ఇష్టం.

నా మొదటి ప్రయాణం నీకు గుర్తుందా? ఆరింటికి చేరాల్సిన బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైంది. నేను చేరి రింగు ఇచ్చేసరికి నాన్న మన బస్టాండులో కూర్చుని ఉన్నాడు. ఏ బస్సు ఎక్కాలో తెలియక, నా ఊరి పేరు బోర్డు మీద చదవలేక, వచ్చిన ప్రతి డ్రైవరునూ అడుగుతున్నాడట. నేను ఇంటికి వచ్చాక, ఇంకోసారి ఇలా అయితే నువ్వు వెళ్ళొద్దు, నా గుండె తట్టుకోదు అన్నాడు. ఆ తర్వాతి ప్రయాణంలో కూడా బస్సు ఆలస్యమైంది. ఆరయింది. ఇంకో గంట దారి ఉంది. బస్సులో కూర్చునే రింగు ఇచ్చేశాను. నాన్న టీ తాగి ఉంటాడనుకుంటే హాయిగా అనిపించింది. అప్పటి నుంచి ఎక్కడున్నా ఆరింటికి ఇచ్చేదాన్ని. ఊరు చేరినా, చేరకపోయినా.

ఫిబ్రవరిలో కొండ మీది బడికి వెళ్తున్నాను. దారిలో లారీ ఒకటి అడ్డంగా పడి రోడ్డు మూసుకుపోయింది. మూడున్నర నుంచి బస్సు కదల్లేదు. కొందరు దిగి కూడలి దాకా నడిచారు. నేనూ నడిచాను. ఆరింటికి రోడ్డు పక్కన నిలబడి రింగు ఇచ్చాను. అలవాటుగా ఇచ్చాను, ఆలోచించలేదు. కాసేపటికి జీపు ఒకటి ఆగింది. ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కితే నేనూ ఎక్కాను. వాళ్ళు మొదటి మలుపులోనే దిగిపోయారు. వాళ్ళతో దిగాల్సింది. బడి ఇంకో పదిహేను నిమిషాలే అన్నాడు జీపు నడిపేవాడు, ఉండిపోయాను.

వాళ్ళు దిగాక ముందు సీట్లోకి రమ్మన్నాడు. వద్దన్నాను. వేరే రోడ్డులోకి తిప్పాడు, ఇది దగ్గర దారి అన్నాడు. ఆపమంటే నవ్వాడు. ఆ తర్వాత అడిగాడు:

"నీ కోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా?"

మా నాన్న చూస్తున్నాడని చెప్పాను. చెబుతుండగానే అది అబద్ధమని నాకు తెలుసు. నాన్న టీ తాగేసి ఉంటాడు. అమ్మ పొయ్యి వెలిగించి ఉంటుంది. నా కోసం వెతకాల్సిన వాళ్ళందరికీ నేను చేరానని చెప్పేశాను. రేపు మధ్యాహ్నం దాకా ఈ లోకంలో నా కోసం ఒక్కరు కూడా వెతకరు. అత్తా, నాకు ఆ మనిషి కంటే ఆ ఆలోచనకే ఎక్కువ భయమేసింది.

ఏమీ జరగలేదు. పెట్రోలు బంకు దగ్గర జీపు నెమ్మదించగానే కంటి పరీక్ష అద్దాల పెట్టె పట్టుకుని దూకాను. మోకాలు చెక్కుకుపోయింది. బంకులో పెట్రోలు కొట్టే ఆమె నన్ను, జీపును మార్చి మార్చి చూసి, పంపు చేతిలో పట్టుకునే వచ్చి నా పక్కన నిలబడింది. అతను పెట్రోలు కూడా పోయించుకోకుండా వెళ్ళిపోయాడు. ఆమె గదిలో తెల్లవారేదాకా కూర్చున్నాను. ఫోనులో చార్జింగు ఉంది, సిగ్నలూ ఉంది. అయినా ఎవరికీ చేయలేదు. చేస్తే, చేరానన్నావు కదా అని అడుగుతారు.

మర్నాడు బడికి వెళ్ళి తొంభై మూడు మంది పిల్లల కళ్ళు చూశాను. తర్వాత ఇంకో రెండు ఊళ్ళు వెళ్ళాను. ప్రతిసారీ ఆరు కాగానే రింగు ఇచ్చి, చుట్టూ ఎవరున్నారో చూసుకున్నాను. మొన్న నీకు రాసిన జాగ్రత్తలన్నీ నిజమే. వాటిలో అన్నిటికంటే పెద్దది, చేరాకే రింగు ఇవ్వాలన్నది మాత్రం నేనే రెండేళ్ళుగా తప్పాను.

మీ మేనకోడలు

*

దర్జీ షాపు,
ఆగస్టు 4

పంతులమ్మకు,

నీ ఉత్తరం చదివాక ఒక ప్యాంటుకు అంచు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టి, మళ్ళీ విప్పాను. మాస్టారు వచ్చి ప్యాంటు లాక్కుని ఇంటికి పొమ్మన్నాడు. పోలేదు.

నువ్వు అబద్ధం ఆడావు. ఆ తప్పు నీ ఒక్కదానిదే అనను. మేము నీ దగ్గర ఒక్క మాటే తీసుకున్నాం, చేరానని. చేరలేదన్న మాట చెప్పడానికి నీకు చోటే ఉంచలేదు. ఆ షరతు పెట్టిన రోజు నేను అక్కడే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. మంచి షరతే అనుకున్నాను.

ఇప్పుడు నేనొక షరతు పెడుతున్నాను. చేరకపోతే చేరలేదని నాకు చెప్పు. నేను భయపడతాను. భయపడటం నాకు బాగా వచ్చు, చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే. నువ్వు చేరేదాకా భయపడతాను, చేరాక తిడతాను. కానీ ఇంక వెళ్ళొద్దని మాత్రం అనను.

ముందు నేనే చేసి చూపిస్తాను. ఆగస్టు ఇరవై ఒకటిన ఆరూ నలభై బస్సు. మీ నాన్నకు సంచీ భుజాన వేసుకున్నాక చెబుతాను. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి నీకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నువ్వు మీ నాన్నకు ఉన్నది ఉన్నట్టే చెప్పాలి, ఒక్క ముక్క మడవకూడదు. ఆ ఫారం అప్పటిదాకా ఇవ్వకు. ఆ తర్వాత కూడా ఇవ్వాలనిపిస్తే ఇచ్చుకో, నేను అడ్డు రాను.

మీ అత్త

*

కంటి ఆసుపత్రి హాస్టల్,
ఆగస్టు 12

అత్తకు,

సరే. ఫారం సొరుగులో పెట్టాను.

నీ ఫోను ముందురోజే చార్జింగు పెట్టు. జంక్షన్‌లో మంచినీళ్ళు కొనుక్కో, కుళాయివి తాగకు. నడవ సీటు మర్చిపోకు. నేను ఆ రోజు ఆసుపత్రిలోనే ఉంటాను, ఎప్పుడు చేసినా ఎత్తుతాను.

నిన్ను వద్దనాలని రోజుకు నాలుగుసార్లు అనిపిస్తోంది. అది కూడా మడవకుండా చెబుతున్నాను.

మీ మేనకోడలు

*

బొత్తాం వాళ్ళిల్లు,
ఆగస్టు 23

పంతులమ్మకు,

ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఇప్పుడు వరసగా రాస్తున్నాను. నీ పాఠాలన్నీ పాటించాను. పాటించినందుకే బస్సు తప్పింది.

బస్సు ఆలస్యమై ఒకటిన్నరకు చేరినా, జంక్షన్‌లో నువ్వు చుక్క పెట్టిన చోటే దిగాను. సముద్రం బస్సు ఎక్కడాగుతుందని పండ్ల షాపులో అడిగితే నాలుగో ప్లాట్‌ఫాం అన్నాడు. ఇద్దరిని అడగమన్నావు. పేపర్ల షాపులో అడిగితే తొమ్మిదో ప్లాట్‌ఫాం అన్నాడు. ఇద్దరు రెండు మాటలు చెబితే ఏం చేయాలో నీ ఉత్తరంలో లేదు. మూడోవాణ్ణి అడిగాను. అతను ఎంక్వయిరీలో అడుగు అన్నాడు. అక్కడ వరసలో నా వంతు వచ్చేసరికి రెండు గంటల బస్సు నా కళ్ళముందే పోయింది. నాలుగో ప్లాట్‌ఫాం మీద నుంచే పోయింది.

అప్పుడే నీకు ఫోను చేశాను. చేరలేదని చెప్పాను. నా ఫోను సంగతి నీకు తెలుసుగా, నేను చేరలేదని బస్టాండు మొత్తానికి తెలిసిపోయింది. నువ్వు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎక్కడున్నావు, పక్కన ఏముంది అని అడిగావు. వెనక్కి రమ్మంటావనుకున్నాను. అనలేదు.

పక్కన ఏముందో చూద్దామని చూస్తే దర్జీ షాపు ఉంది. నలభై ఏళ్ళామె మిషను ముందు కూర్చుని ఉంది. ఆడవాళ్ళ షాపు అన్నావు కదా అని నీడకు వెళ్ళి నిలబడ్డాను. నిలబడితే సరిపోయేది. గోడకు వేలాడదీసిన చొక్కా కాజాలు చూసి ఆగలేకపోయాను. ఇవి ఎవరు కుట్టారమ్మా అన్నాను. నేనే, ఏం అంది. ఏం లేదు, కాజా కుట్టమంటే కన్నం పెట్టావు అన్నాను.

"అంత వచ్చినదానివి నువ్వు కుట్టు చూద్దాం" అని చొక్కా నా ఒళ్ళో పడేసింది.

ఆరు కాజాలు కుట్టాను. మూడో కాజాకు ఆమె మిషను ఆపింది. అయిదో కాజాకు టీ తెప్పించింది. ఆరోది అయ్యాక, నాలుగున్నర బస్సు చీకట్లో దింపుతుంది, షాపు వెనకే మా ఇల్లు, మా అమ్మ ఉంటుంది, పొద్దున మొదటి బస్సు నేనే ఎక్కిస్తాను అంది. అప్పుడు రెండోసారి నీకు చేసి, ఆమె చేతికి ఫోను ఇచ్చాను. షాపు పేరు, వీధి, ఆమె నంబరు అన్నీ నీకు చెప్పించాను. గడియ కూడా వేసి చూశాను. ఆమె తల్లి చూసి, ఈవిడ తలుపు కొనడానికి వచ్చిందా అంది.

మర్నాడు పదింటికి చేరాను. చేరాకే చేరానన్నాను.

బొత్తాం నన్ను కిటికీ దగ్గర వెలుగులో కూర్చోబెట్టింది. ఒక్కసారిగా మొహం అంతా కనపడదట. తల మెల్లగా తిప్పుతూ, ముందు నుదురు, తర్వాత ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను, ముక్కు, గడ్డం, గుడ్డకు కొలత తీసినట్టు చూసింది. చాలాసేపు చూసింది. నేను కదల్లేదు.

"ముసలిదానివైపోయావే సూదీ" అంది.

నీ చూపు బాగానే ఉందన్నమాట అన్నాను. కాసేపటికి టికెట్టు చూపించమంది. రెండు టికెట్లూ ఇచ్చాను. కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క అంకె చదివి, మడిచి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

మీ అత్త

*

కంటి ఆసుపత్రి హాస్టల్,
ఆగస్టు 31

అత్తకు,

నువ్వు చేరలేదన్నప్పుడు నేను ఎందుకు మాట్లాడలేదో చెబుతాను. వెనక్కి వచ్చెయ్యి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది నాన్న గొంతులాగే ఉంది. మింగేసి, పక్కన ఏముందని అడిగాను. ఆ ఒక్క మాట మింగడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. నాన్న మీద ఇన్నాళ్ళు పెట్టుకున్న కోపంలో సగం ఆ రోజే పోయింది.

నీ రెండో ఫోను తర్వాత నాన్నకు చేశాను. అత్త చేరలేదు నాన్నా, జంక్షన్‌లో ఉంది అన్నాను. 'చేరలేదా' అని మూడుసార్లు అడిగాడు. చెప్పులేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఎక్కడుందో, ఎవరింట్లో పడుకుంటుందో, ఆ ఇంటావిడ నంబరు ఏమిటో అన్నీ చెప్పాను. చెప్పులు ఆగాయి. నంబరు మళ్ళీ చెప్పమన్నాడు. ఆరింటికి నాకు తిరిగి ఫోను చేశాడు. రింగు కోసం చూడటమే గానీ నాన్న నాకు చేయడం అదే మొదటిసారి. 'టీ తాగాను. ఆవిడతో మాట్లాడాను. అక్క ఇంకా కాజాలు కుడుతోందట' అన్నాడు.

ఆ ధైర్యంతోనే, నువ్వు ఇంకా బొత్తాం పిన్ని దగ్గర ఉండగానే, మొన్న ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పేశాను. ఆరింటి రింగులు, జీపు, పెట్రోలు బంకు, అన్నీ. అమ్మ ఏడ్చింది. నాన్న ఏడవలేదు, తిట్టలేదు. లేచి గోడ గడియారం వైపు చూశాడు. అది ఏదో తప్పు చేసినట్టు చాలాసేపు చూశాడు. తర్వాత గోదాముకు వెళ్ళిపోయాడు. నేను బస్సు ఎక్కేదాకా రాలేదు.

ఫారం ఇవ్వలేదు. చింపి పారేశాను. కానీ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. సెప్టెంబరు పన్నెండున ప్రయాణం ఉంది, అదే కొండ మీది బడికి. ఆ తొంభై మూడు మందిలో పదకొండు మందికి అద్దాలు తయారయ్యాయి, నేనే ఇచ్చి రావాలి. నాన్న వెళ్ళమనలేదు, వద్దనలేదు. ఆరింటికి నేను చేరకపోతే చేరలేదనే చెబుతాను. అప్పుడు వద్దంటాడేమో. ఆ రోజు సాయంత్రం నువ్వు ఇంట్లో ఉంటావా?

మీ మేనకోడలు

*

దర్జీ షాపు,
సెప్టెంబరు 13

పంతులమ్మకు,

నిన్న నీకు ఫోనులో వినపడనిది రాస్తున్నాను.

అయిదున్నరకే షాపు నుంచి వచ్చేశాను. మీ నాన్న గడియారం కింద కూర్చున్నాడు. మీ అమ్మ టీ ఇస్తే పక్కన పెట్టాడు, తాగలేదు. ఆరు కొట్టింది. ఫోను మోగలేదు. వాడు నా వైపు చూశాడు, నేను ఒళ్ళో కుడుతున్న బట్ట వైపు చూశాను. ఆరూ పదికి మోగింది. ఒక్కసారి మోగి ఆగుతుందని వాడు కదల్లేదు. ఆగలేదు. రెండోసారి మోగింది, మూడోసారి మోగింది. ఎత్తరా అన్నాను.

ఎత్తాడు. నువ్వు చేరలేదన్నావు. బస్సు టైరు మార్చుతున్నారు, ఇంకో గంటన్నర పడుతుంది, బడి పంతులు భార్య బస్టాపు దగ్గర ఉంటుంది అన్నావు. ఆ తర్వాత వాడు ఎంతసేపు ఊరుకున్నాడో నీకు తెలుసు. ఊరుకున్నప్పుడు ఏం చేశాడో తెలియదు. గోదాము చొక్కా జేబులో సుద్ద కోసం వెతికాడు. సుద్ద దొరికాక అడిగాడు:

"బస్సు నంబరు చెప్పు."

నువ్వు చెబుతుంటే గడియారం కింద గోడ మీద వేశాడు. బస్తా మీద బరువు వేసినట్టు పెద్ద పెద్ద అంకెలు. దాని కింద పంతులు భార్య నంబరు వేశాడు. మీ అమ్మ కొత్తగా నీలం సున్నం కొట్టిన గోడ అది, అయినా అడ్డుపడలేదు.

ఏడూ యాభైకి చేరానని నువ్వు చెప్పేదాకా వాడు ఆ గోడ ముందు నుంచి లేవలేదు. చేరావన్నాక చల్లారిపోయిన టీ తాగాడు. మీ అమ్మ గుడ్డ తడిపి తెచ్చి అంకెలు తుడవబోయింది. ఉండనీ అన్నాడు. ఎందుకూ, చేరిందిగా అంది.

"తిరిగొచ్చేటప్పుడు ఇంకో నంబరు ఉంటుంది. దాని కింద చోటుంది" అన్నాడు.

మీ అత్త